మలి వయసులో ఇంటి లెక్కలు – 3వ పాఠం: డిపాజిట్ మీద ఎవరి పేరుంది?

పోయిన పాఠంలో ఇంట్లో కాగితాలన్నీ ఒకచోటికి చేర్చాం. ఈసారి వాటిలోంచి పాస్‌బుక్కులు, ఎఫ్‌డీ రసీదులు మాత్రం తీసి ముందు పెట్టుకోండి. ఎంత డబ్బుందో లెక్కపెట్టే పని ఇవాళ లేదు. ఒక్కోదాని మీద ఏ పేరు ఎలా పడిందో చూస్తే చాలు.

పొడుగు నోట్‌బుక్‌ను అడ్డంగా తిప్పి ఆరు గళ్లు గీయండి: బ్యాంకు–బ్రాంచి (రెండూ ఒకే గడిలో), ఖాతా నంబరులో చివరి 4 అంకెలు, కాగితం మీద పడిన పేరు, ఎవరి సంతకంతో నడుస్తుంది, నామినీ, గడువు తేదీ. పూర్తి నంబరు, పిన్, పాస్‌వర్డ్ ఇందులో రాయకండి. ఈ పుస్తకం ఇంట్లో నలుగురి చేతుల్లో పడేది.

తెలుగువాళ్లకు చిక్కు వచ్చేది మూడో గడి దగ్గరే. పాత పాస్‌బుక్‌లో ‘కె.వి. సుబ్బమ్మ’ అని ఉందనుకోండి. ఆధార్‌లో ‘కొండపల్లి వెంకట సుబ్బమ్మ’. పాన్‌లో ఇంటిపేరు చివరికి పోయి ‘వెంకట సుబ్బమ్మ కొండపల్లి’. కొందరు ఆడవాళ్లకు ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఇంకోచోట అత్తింటిది. ఊళ్లో అందరికీ ఒక్క మనిషే, బ్యాంకు కౌంటరు దగ్గర మాత్రం ముగ్గురు! ఖాతాదారు ఉన్నప్పుడైతే ఆధార్, పాన్ జిరాక్సులతో ఒక అర్జీ పెట్టి పేరు సరిచేయించుకోవచ్చు. పోయాక మరణ ధ్రువపత్రంలో ఒక పేరు, పాస్‌బుక్‌లో ఇంకో పేరు ఉంటే, ఇద్దరూ ఒకరేనని పిల్లలు నోటరీ అఫిడవిట్లు పట్టుకుని తిరగాలి. నామినీ పేరు కూడా అంతే. ఇంట్లో పిలిచే పేరు వద్దు, నామినీ ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయించండి.

నాలుగో గడిలో, భార్యాభర్తల జాయింటు ఖాతాలకు మామూలుగా ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ అని ఉంటుంది. ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు, ఒకరు పోతే రెండోవారు నడపొచ్చు. సేవింగ్స్ ఖాతాకు ఇది చాలు, ఎఫ్‌డీకి చాలదు. గడువు తీరాక డబ్బు ఒక్కరు తీసుకోవచ్చు గానీ, మధ్యలో రద్దు చేయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. ఒకరు కన్నుమూసి రెండోవారికి ఆస్పత్రి ఖర్చు వచ్చిపడితే? ‘ఒకరు పోతే మిగిలినవారు గడువుకు ముందే తీసుకోవచ్చు’ అని ఇద్దరూ కలిసి ముందే రాసిచ్చి ఉంటే రెండోవారికి ఇబ్బంది లేదు. లేకుంటే పోయినవారి వారసులందరి సమ్మతి అడుగుతారు. ఒక పిల్లవాడు అమెరికాలో ఉంటే ఆ సంతకానికే నెలలు పట్టొచ్చు. ఎఫ్‌డీ వేశాక కూడా ఈ మాట రాసివ్వొచ్చు. ఈ పాఠం మొత్తంలో ఒక్క పనే చేసే ఓపికుంటే, ఇది చేయండి.

ఇక నామినీ. సేవింగ్స్ ఖాతాకు ఉంది కదా అని ఎఫ్‌డీకి కూడా ఉందనుకోకండి, రసీదు రసీదుకూ చూడండి. ‘నామినేషన్ రిజిస్టర్డ్’ అని ఉంటే సరే. అది ఎవరి పేరో కూడా ముద్రించమని అడగొచ్చు. ఎప్పుడో అమ్మ పేరు రాసి, ఆవిడ పోయాక మార్చని ఖాతాలు బోలెడు. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి వరకు నామినీలను పెట్టొచ్చు. వాటాలు వేస్తే మొత్తం 100 శాతం రావాలి. వాటాలు వద్దనుకుంటే ఒకరి తర్వాత ఒకరుగా వరసన పెట్టొచ్చు. ఫారం మీద సంతకం చేస్తే సాక్షులు అక్కర్లేదు, వేలిముద్ర వేస్తే ఇద్దరు కావాలి. ఫారం ఇచ్చి ఊరికే వచ్చేయకండి, రసీదు అడిగి తీసుకోండి.

జాయింటు ఖాతాలో ఇద్దరూ పోయాకే నామినీ వంతు. పైగా నామినీ అంటే వారసుడు కాదు. బ్యాంకు డబ్బు ఆయన చేతికిస్తుంది, ఆ డబ్బు ఎవరికి చెందాలో వీలునామా గానీ వారసత్వ చట్టం గానీ తేలుస్తుంది. 2010లో సుప్రీంకోర్టు బ్యాంకు డిపాజిట్ల విషయంలో ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. పెద్దబ్బాయిని నామినీగా పెడితే డబ్బంతా అతనిదేనని ఇంట్లోవాళ్లు అనుకుంటే, గొడవ అక్కడే మొదలవుతుంది.

ఈ వారం పని: గళ్లు నింపండి. పేరు తేడా ఉన్నచోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి, నామినీ లేనిచోట ఇంటూ గుర్తు పెట్టండి. ఎర్ర గుర్తులు ఎక్కువున్న బ్యాంకుకు ముందు వెళ్లండి. జాయింటు ఖాతాలైతే ఇద్దరూ కలిసే వెళ్లండి, ఒక్కరు వెళ్తే మళ్లీ తిరగాల్సిందే. వచ్చే పాఠంలో లాకరు తాళంచెవి సంగతి చూద్దాం.