రాతి బొమ్మల్లో అవతారాలు గుర్తుపట్టడం – 3వ పాఠం: ముఖం చివర్న చూడండి

పోయిన పాఠంలో మత్స్యం, కూర్మం అయిపోయాయి. అవి తేలిక, నడుము కింద చేపో తాబేలో ఉంటుంది, పైన శంఖచక్రాలతో విష్ణువు. అసలు తికమక వరాహం, నరసింహం దగ్గరే. మన నల్గొండ దిక్కు పాత గుళ్లలో స్తంభాల మీది బొమ్మలకు మూతి సగం విరిగి, మిగిలింది నూనె, కుంకుమ పేరుకుని నున్నగా అయిపోయి ఉంటుంది. అందుకే ముందు ముఖం చూడొద్దు. ఒడి చూడండి, తర్వాత మోచేయి, ఆ తర్వాత మోకాళ్లు.

ఒడిలో అడ్డంగా ఒక మనిషి పడి ఉండి, రెండు చేతులు అతని కడుపులోకి దిగి ఉంటే అతను హిరణ్యకశిపుడు, చంపేది ఉగ్ర నరసింహుడు. నిలబడ్డ స్వామి మోచేయి మీద చిన్న స్త్రీ రూపం ఉంటే ఆమె భూదేవి, ఆయన వరాహస్వామి. నాకు ఆ బొమ్మలో మెడ వంపంటే చాలా ఇష్టం, అంత మోటు మూతి ఆమెను తాకీ తాకనట్టు ఆగిపోతుంది.

మోకాళ్లు రెండూ లేచి, వాటి చుట్టూ పట్టీ చుట్టినట్టుంటే యోగ నరసింహుడు. ఆ పట్టీ పేరు యోగపట్టం. మొదట్లో నేను దాన్ని రాతి పగులనుకుని వదిలేశాను, పగులైతే మోకాలు దాటి పోతుంది, పట్టీ మాత్రం తిరిగొచ్చి కలుస్తుంది.

ఎడమ తొడ మీద అమ్మవారుంటే మాత్రం తొందరపడొద్దు. యాదగిరిగుట్టకు పోయిపోయి అలవాటైన కళ్లు కదా, లక్ష్మీనరసింహుడని వెంటనే అనేస్తాం, కానీ లక్ష్మీవరాహుడు, లక్ష్మీహయగ్రీవుడు కూడా అలాగే కూర్చుంటారు. ముఖంతో పనిపడేది ఇక్కడే. పూజలో ఉన్న విగ్రహమైతే పూజారి గారిని అడిగి, ఫోన్ లైట్ ఎదురుగా కొట్టకుండా చెంప పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించి పెట్టండి, అరిగిన గీతలకు కూడా నీడ లేస్తుంది. తల చుట్టూ గుండ్రంగా జూలుంటే సింహం. మూతి పొడుగ్గా ఉండి కోర ఆనవాలు కనిపిస్తే వరాహం. కోర లేక చెవులు నిటారుగా ఉంటే గుర్రం, అప్పుడు చేతిలో పుస్తకం కోసం వెతకండి, హయగ్రీవుడు చదువుల దేవుడు.

ఈ వారం పని: నల్గొండ పక్కనున్న పానగల్లు మ్యూజియమో, మీ ఊరి పాత గుడో, ఒక్క బొమ్మ ముందు అరగంట కూర్చోండి. ఒడి, మోచేయి, మోకాళ్ల దగ్గర కనిపించింది నోట్‌బుక్‌లో రాయండి, పేరు మాత్రం చివర్న. పేరు ముందే రాస్తే కన్ను ఇంక వెతకదు. వచ్చే పాఠం శరభం, నరసింహుడి ఉగ్రం చల్లార్చడానికి శివుడెత్తిన రూపం, సగం సింహం, సగం పక్షి.