శనక్కాయ పొట్టుతో నీళ్లలో రంగు తీయడం

మా అనంతపురం వైపు వానకు కరువు గానీ శనక్కాయ పొట్టుకు కరువు లేదు. డిగ్రీ ప్రాజెక్టు ఏం చేద్దాం సార్ అని పిల్లలు అడిగితే నేను మొదట చెప్పేది ఇదే. మిల్లు దగ్గర గట్టి పైపొట్టు తెచ్చుకోండి. గింజ మీది ఎర్ర పొర కలవనివ్వకండి, అదే రంగు దిగుతుంది.

పొట్టు కడిగి, ఎండబెట్టి, రవ్వలా పట్టండి. మరీ పిండి చేస్తే తర్వాత నీళ్లలోంచి వేరు చేయలేక చస్తారు. లీటరు నీళ్లకు 4 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి అందులో గంటసేపు నానబెట్టండి. గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి. గోధుమరంగు దిగుతుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి, లేకపోతే ఆ రంగు కలోరిమీటర్ (నీళ్లలో రంగు ఎంతుందో కొలిచే పరికరం) రీడింగులో దూరుతుంది.

తర్వాత 100 గ్రాముల ఎండు రవ్వకు 700 మిల్లీలీటర్ల నీళ్లలో 80 గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, కరిగించి పోయండి. వెడల్పాటి ట్రేలో 60 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆరనిచ్చి, ఓవెన్ 120 డిగ్రీలకు పెంచి గంటన్నర ఉంచండి. ఆ వేడికే సిట్రిక్ ఆమ్లం పొట్టులోని పీచు పదార్థమైన సెల్యులోజ్‌కు ఎస్టర్‌గా (గట్టి రసాయన బంధంతో) అతుక్కుంటుంది. ఆ ఆమ్లంలో మిగిలిన కార్బాక్సిల్ (ఆమ్ల) గ్రూపుల వల్ల పొట్టుకు ఋణావేశం వస్తుంది. అతుక్కోని ఆమ్లం పోయేలా బాగా కడిగి ఆరబెట్టండి.

పరీక్షకు మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు చాలు. లీటరుకు 50 మిల్లీగ్రాముల ద్రావణం 100 మిల్లీలీటర్లు తీసుకుని, 0.2 గ్రాముల పొట్టు వేసి కలుపుతూ 10, 30, 60, 120 నిమిషాలకు శాంపిల్ తీయండి. పది రెట్లు పలచన చేసి కలోరిమీటర్‌లో 660 నానోమీటర్ల దగ్గరి ఫిల్టర్‌తో చూడండి. వడకట్టడానికి మాత్రం ఫిల్టర్ పేపర్ వద్దు. అదీ సెల్యులోజే కదా, నీలాన్ని అదే తాగేస్తుంది, పేరు పొట్టుకు పోతుంది! గిర్రున తిప్పి పొట్టును అడుక్కు దించే సెంట్రిఫ్యూజ్ వాడండి. పొట్టు వేయని ఫ్లాస్కు కూడా ఒకటి పక్కన పెట్టుకోండి, గాజుకు అంటుకున్నది ఎంతో తెలుస్తుంది.

ఇక్కడ రంగు పోగానే ధర్మవరం వెళ్లి అద్దకం నీళ్లు పట్టుకొస్తామంటారు. ఆగండి. మిథిలీన్ బ్లూ ధనావేశపు రంగు. పట్టుకు వాడే యాసిడ్ రంగులు ఋణావేశానివి, మన పొట్టూ అంతే, రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. వాటికి నిమ్మ ఉప్పు పట్టించని పొట్టు తీసుకుని, ఆమ్లం కలిపి నీళ్ల పీహెచ్‌ను 2, 3 దాకా దించి చూడండి. పారబోసే ముందు సున్నంతో ఆ ఆమ్లాన్ని విరిచేయాలి. అద్దకం నీళ్లలో ఉప్పు, సబ్బు కూడా ఉంటాయి కాబట్టి ల్యాబ్‌లో వచ్చినంత ఫలితం ఆశించకండి.

రంగు ఎక్కడికీ పోలేదు, నీళ్లలోంచి పొట్టులోకి మారిందంతే. మిథిలీన్ బ్లూ పట్టిన పొట్టును పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే చాలావరకు దిగుతుంది, మళ్లీ వాడొచ్చు. ఆ కడిగిన నీళ్లు, పనికిరాని పొట్టు ల్యాబ్ రసాయన వ్యర్థాల డబ్బాలోకే వెళ్లాలి. పేడకుప్పలో వేయడం, ఇటుక బట్టీకి ఇవ్వడం రెండూ వద్దు.