ఎండాకాలంలో కొండ మీదికి హామ్ స్టేషన్: సర్దేముందు చూసుకోవాల్సినవి

ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం దాకా మాడ్చేసే ఎండ, సాయంత్రమయ్యేసరికి ఈదురుగాలి, పిడుగులు. శని, ఆదివారాల్లో రేడియో సర్దుకుని అనంతగిరికో హార్స్‌లీ హిల్స్‌కో వెళ్లే హామ్‌లు (లైసెన్స్ తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్లు) ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సిన కాలం ఇదే. ఏ రేడియో కొనాలన్న చర్చ గంటల తరబడి సాగుతుంది. ప్రమాదం మాత్రం బ్యాటరీ దగ్గరో యాంటెన్నా వైరు దగ్గరో జరుగుతుంది. అందుకే ఈ రెండింటి గురించే ఎక్కువగా చెబుతున్నాం. లెక్కలన్నీ 10 వాట్ల రేడియోకి వేసినవి. 100 వాట్లకు తేడా వచ్చే చోట ఆ సంగతి విడిగా చెప్పాం.

బ్యాటరీ

నాలుగు సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ ఈ పనికి బాగా సరిపోతుంది. చార్జింగ్ చివర్లో 14.6 వోల్టులకు చేరి, చార్జర్ తీసి కాసేపు ఉంచితే 13.3 దగ్గర నిలబడుతుంది. బజారులో ‘12 వోల్ట్’ అని అమ్మే కొన్ని ప్యాకులు నాలుగు మామూలు లిథియం అయాన్ సెల్స్‌తో కట్టినవి. అవి నిండితే 16.8 వోల్టులు. 13.8 వోల్టుల రేడియోలు చాలావరకు 15 శాతం తేడా దాకానే, అంటే సుమారు 15.8 వరకే తట్టుకుంటాయి. కాబట్టి కొత్త ప్యాకును నిండా చార్జ్ చేసి, మల్టీమీటర్ పెట్టి చూడందే రేడియోకి తగిలించకండి. ఎండలో సోలార్ ప్యానెల్ ఖాళీగా ఉన్నప్పుడు దాని తీగల మధ్య 20 వోల్టుల పైనే ఉంటుంది. దాన్ని కంట్రోలర్ లేకుండా నేరుగా రేడియోకి ఇవ్వకూడదు.

ఎంత బ్యాటరీ కావాలి? రేడియో వినేటప్పుడు 0.4 ఆంపియర్లు, మాట్లాడేటప్పుడు 2.5 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. అయిదింట ఒక వంతు సమయం ప్రసారం చేస్తే సగటు 0.8 ఆంపియర్లు. 6 ఆంపియర్ అవర్ ప్యాకులో 80 శాతమే వాడుకున్నా దాదాపు ఆరు గంటలు నడుస్తుంది. అదే ఎఫ్‌టీ8లో (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే డిజిటల్ పద్ధతి) సగం సమయం పూర్తి పవర్ మీద ప్రసారమే కాబట్టి మూడు గంటలకు కాస్త పైన. ఎఫ్‌టీ8 వాడేవాళ్లు ల్యాప్‌టాప్ గడియారం సంగతి కూడా ఇంట్లోనే తేల్చుకోవాలి. రెండు సెకన్లకు మించి తప్పితే అవతలివాళ్ల సందేశాలు డీకోడ్ కావు, కొండ మీద నెట్ ఉంటుందన్న నమ్మకం లేదు. సరైన టైము అందుకోవడానికి చిన్న యూఎస్‌బీ జీపీఎస్ ఉంటే చాలు.

100 వాట్ల రేడియో ప్రసారంలో 20 ఆంపియర్ల పైన లాగుతుంది. చిన్న ప్యాకుల్లోని రక్షణ సర్క్యూట్ అంత కరెంటుకి టక్కున ఆపేస్తుంది. ప్యాకు తట్టుకున్నా తీగ సన్నగా ఉంటే లాభం లేదు. బ్యాటరీ నుంచి రెండు మీటర్ల దూరానికి 1 చదరపు మిల్లీమీటర్ తీగ వాడితే, రానూపోనూ నాలుగు మీటర్లలో దాదాపు 1.4 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 12.8 ఉంటే రేడియోకి చేరేది 11.4. మైకు నొక్కగానే సెట్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటే కారణం చాలాసార్లు ఇదే. 4 చదరపు మిల్లీమీటర్ తీగ వేసి, దాన్ని వీలైనంత పొట్టిగా ఉంచండి.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ కొనకు అరచేయి దూరం లోపలే ఉండాలి. రేడియో దగ్గర మాత్రమే పెడితే, మధ్యలో తీగ ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు ఆ ఫ్యూజు ఏమీ చేయలేదు, తీగ మండుతుంది. 10 వాట్లకు 5 ఆంపియర్లు, 100 వాట్లకు 25 ఆంపియర్లు. ఎరుపు, నలుపు తిరగబడి తగిలే వీలున్న క్లిప్పులు మానేసి, ఒక్క తీరులోనే కలిసే కనెక్టర్లు వాడండి. ఎండలో కారు అద్దాలు ఎత్తేసి బ్యాటరీని లోపల వదలకండి. ఒళ్లంతా వేడెక్కిన ప్యాకును వెంటనే చార్జింగ్‌కు పెట్టకండి. చాలా ప్యాకులకు చార్జింగ్ హద్దు 45 డిగ్రీలే.

వైరు కట్టేటప్పుడు

డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించి రెండు వైపులా చాచే వైరు యాంటెన్నా) మొత్తం పొడవు మీటర్లలో కావాలంటే 143ను మెగాహెర్ట్జ్‌తో భాగించాలి. 7.1కి 20.1 మీటర్లు, 14.2కి 10.1 మీటర్లు. పీవీసీ తొడుగున్న వైరుకి ఇంకాస్త తక్కువే పడుతుంది. ముందే కత్తిరించకుండా కొసను వెనక్కి మడిచి వైరుకే గట్టిగా చుట్టి చూడండి, ఎస్‌డబ్ల్యుఆర్ (యాంటెన్నా రేడియోకి ఎంత సరిగ్గా కుదిరిందో చెప్పే అంకె) 1.5 లోపలికొస్తే అక్కడ ఆగండి. ఈ పని ఇంటి డాబా మీదో ఖాళీ స్థలంలోనో ముగించుకోవాలి. యాంటెన్నాను కొలిచే చిన్న మీటరు నానోవీఎన్ఏ తగిలించి ఉండగా పక్కనే ఇంకొకరు ప్రసారం చేస్తే దాని ముందుభాగం పోవచ్చు.

40 మీటర్ల బ్యాండ్‌కు (7 మెగాహెర్ట్జ్) 7 మీటర్ల మాస్ట్ (నిలువు గడ) మీద తలకిందుల వి ఆకారం చాలు. ఆ ఎత్తులో సిగ్నల్ ఎక్కువగా నిటారుగా పైకెళ్లి తిరిగొస్తుంది కాబట్టి, పగటిపూట రాష్ట్రమంతా వినిపించడానికి అదే మేలు. కొసలు నేల నుంచి 2.5 మీటర్ల ఎత్తులో ఉండాలంటే అటూఇటూ కలిపి 18 మీటర్ల జాగా, తాళ్లకు ఇంకొంత కావాలి. ఆ ఎత్తు తగ్గించవద్దు. వైరు కొసల్లో వోల్టేజి ఎక్కువ. ఒక కొసనే కేబుల్ తగిలించే ఎండ్‌ఫెడ్ యాంటెన్నాలో అయితే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే, 10 వాట్లకు 150 వోల్టుల పైన, 100 వాట్లకు దాదాపు 500. అటుగా వచ్చే పశువుల కాపరులకో పిల్లలకో అది మామూలు తీగలాగే కనిపిస్తుంది. రంగు గుడ్డముక్కలు కట్టి, ప్రసారం చేసేటప్పుడు ఒక మనిషిని అక్కడ నిలబెట్టండి.

కరెంటు తీగలకు మాస్ట్ ఎత్తుకి కనీసం రెండింతల దూరం పాటించండి. మాస్ట్ పడినా, వైరు తెగి ఎగిరినా అందకూడదు. 11 కేవీ తీగకు చాలావరకు తొడుగు ఉండదు, తాకితే ప్రాణమే పోతుంది. కార్బన్ ఫైబర్ గడలు కరెంటును పోనిస్తాయి, ఫైబర్‌గ్లాస్‌వే కొనండి. చెట్టు మీదికి తాడు విసిరే ముందు కొమ్మలన్నీ కలయజూడండి. పెద్ద తేనెపట్టు ఉంటే ఆ చెట్టునే వదిలేయండి. రాతినేలలో మేకులు దిగవు కాబట్టి మూడు వైపులా కట్టే తాళ్లకు సంచుల్లో రాళ్లు నింపి కట్టుకోవడం నయం.

ఉరుము వినబడితే

కొండ మీద పొడవాటి వైరు కింద కూర్చుని ఉన్నామన్నది క్షణం కూడా మరవకండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల లోపు ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. అప్పుడు మాస్ట్ దించే పని కూడా పెట్టుకోవద్దు, అంతా వదిలేసి కారులోకి వెళ్లి అద్దాలు ఎత్తేయండి. కోయాక్స్ (యాంటెన్నా నుంచి రేడియోకి వచ్చే కేబుల్) ఊడదీస్తే రేడియో బతకొచ్చేమో, ఊడదీస్తున్న చేయికి అదే ప్రమాదం. చెట్టు కింద, టెంటులో, రేకుల పందిరి కింద నిలబడొద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి రావాలి. పుణెలోని ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) తయారు చేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల జాడ చూపిస్తుంది, అయితే సిగ్నల్ లేని చోట అదీ పనిచేయదు. అందుకే ఈ కాలంలో తెల్లవారుజామునే వెళ్లి మధ్యాహ్నం రెండింటికల్లా మాస్ట్ దించేయడం మంచిది. ఎవరికైనా పిడుగు తగిలితే వాళ్లను ముట్టుకోవడానికి భయపడొద్దు, ఒంట్లో కరెంటు ఉండదు. ఊపిరి లేకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టి, 108కి ఫోన్ చేయించండి.

కాగితాలు

లైసెన్స్ అసలు ప్రతి, గుర్తింపు కార్డు పైజేబులోనే ఉండాలి. లైసెన్స్‌లోని చిరునామా కాకుండా వేరే చోట స్టేషన్ నడపడానికి ఉన్న షరతులు ముందే చదువుకోండి. మన దగ్గర 40 మీటర్ల బ్యాండ్ 7.2 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. విదేశీ స్టేషన్లు పైన వినిపిస్తున్నాయని అక్కడికి వెళ్లి పిలవకండి. అడవిలో వైర్లు, సెట్టుతో కనిపిస్తే పోలీసులు ఆపి అడగడం సహజం. ముందురోజే దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లోనూ ఫారెస్టు రేంజ్ ఆఫీసులోనూ చెప్పి వెళ్తే ఆ ఇబ్బంది ఉండదు. అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాల్లో అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. వికారాబాద్ వెళ్లేవాళ్లు నేవీ రేడియో కేంద్రానికి 2024లో శంకుస్థాపన జరిగిన దామగుండం వైపు పోకుండా ఉండటం మంచిది.

ఇంటికొచ్చాక తడిసిన తాళ్లు, కోయాక్స్ కనెక్టర్లు ఆరబెట్టండి. కనెక్టర్‌లోకి నీరు దిగిందేమో మల్టీమీటర్‌తో, కేబుల్ రెండు కొసలూ దేనికీ తగిలించకుండా, మధ్య పిన్నుకూ చుట్టూ ఉన్న అల్లికకూ మధ్య రెసిస్టెన్స్ చూడండి. రీడింగ్ ఏమాత్రం చూపించినా ఆ కొసను కోసేసి కొత్త కనెక్టర్ వేయాలి. బ్యాటరీని నిండుగా కాకుండా సగం చార్జ్‌తో, ఫ్యూజు తీసేసి దాచండి.