వర్చువల్ మెషీన్ గడియారంలో చేయి పెట్టే ముందు

హనుమకొండలో మా చిన్న ల్యాబులో లైనక్స్ గెస్ట్ (వర్చువల్ మెషీన్ లోపల నడిచే సిస్టమ్) కెర్నల్‌లో, అంటే దాని మూల ప్రోగ్రాంలో, టైమ్ బగ్ ముట్టుకునే ముందు ఇవి తప్పక చూసుకుంటాం.

- యూపీఎస్ చార్జింగ్ ఉందా? ఎండాకాలం కరెంటుని నమ్మలేం.
- పాత కెర్నల్ బూట్ మెనూలో ఉండనివ్వండి.
- స్నాప్‌షాట్ (మెషీన్ అప్పటి స్థితికి కాపీ) తీయండి. దాన్ని వెనక్కి తెస్తే గెస్ట్ పాత టైమే చూపించవచ్చు, అది కొత్త బగ్ కాదు, టెన్షన్ పడకండి.
- హోస్ట్ (వర్చువల్ మెషీన్‌ని నడిపే అసలు కంప్యూటర్) టైమ్ సరిగ్గా ఉందా? ముందు అదే చూడాలి.
- క్లాక్‌సోర్స్ (కెర్నల్ టైమ్ తీసుకునే చోటు) కేవీఎం-క్లాకా (హోస్ట్ అందించేది), టీఎస్‌సీనా (ప్రాసెసర్‌లోని కౌంటర్), రాసుకోండి.
- క్రోనీ (నెట్‌వర్క్ నుంచి టైమ్ సరిచేసే ప్రోగ్రాం) ఆపండి. అది నడుస్తుంటే తేడాను మెల్లగా సర్దేస్తుంది, అసలు తప్పు దాని కింద దాక్కుంటుంది.
- మోనోటోనిక్ గడియారం (ఎప్పుడూ ముందుకే నడవాల్సినది) ఒక్క నానోసెకను కూడా వెనక్కి పోకూడదు. అన్ని వీసీపీయూల (వర్చువల్ ప్రాసెసర్ల) మీద దాన్ని చదివి పోల్చే టెస్టు, కోడ్ మార్చకముందే సిద్ధంగా ఉండాలి. నాకైతే అన్నిటికన్నా ముఖ్యం ఇదే.