బత్తాయి గ్రేడింగ్ కొత్తవాళ్లకు నేర్పడం ఎలా

మా నల్లగొండ వైపు బత్తాయి సీజన్‌లో కొత్తగా పనికి వచ్చినవాళ్లకు గ్రేడింగ్ నేర్పేది నేనే. ముందే రూల్స్ చెప్పకండి, బుర్రకెక్కవు. ఒక్కో రకానికి ఎవరూ కాదనలేని కాయలు రెండేసి చేతికివ్వండి: నున్నగా, బరువుగా ఉన్నవి, మంగు పట్టి తోలు గోధుమరంగుకు తిరిగినవి, తొడిమ దగ్గర మెత్తబడినవి.

తర్వాత అన్నీ కలిపేసి ఏరమనండి. ఒక రకం మొత్తం చూపించి ఇంకో రకానికి వెళ్తే నేర్చుకున్నట్టే ఉంటుంది గానీ, కుప్ప ముందు కూర్చోగానే తడబడతారు. పక్కపక్కన ఉంటేనే తేడా కంటికి ఆనుతుంది. 2008లో కార్నెల్, బ్యోర్క్ అనే పరిశోధకులు చిత్రకారుల శైలులతో పరీక్షిస్తే, బొమ్మలు కలగలిపి చూసినప్పుడే జనం బాగా గుర్తుపట్టారు. తమాషా ఏంటంటే, వాళ్లలో చాలామంది విడివిడిగా చూడటమే మేలనుకున్నారు!

తప్పు వేస్తే అప్పుడే చెప్పండి, సాయంత్రం దాకా ఆగొద్దు. అసలు చిక్కంతా మధ్యరకంతోనే. మంగు కాస్త ఉంది, కాయ బరువుంది. ఎటు వేయాలి? మంగు తోలు వరకే, లోపల రసం బాగానే ఉంటుంది. కానీ కొనేవాడు చూసేది తోలునే కదా. అలాంటివి వేరే గంపలో వేయించి, చివర్లో వాళ్లతోనే తేల్పించండి. ఎందుకో కూడా చెప్పమనండి. "చూస్తే తెలుస్తదన్నా" అంటే ఇంకో గంప ముందు పెట్టండి.