ట్యాంకుకు కన్నం పెట్టేముందు: హోల్ సాతో జాగ్రత్తలు

ఎండలు ముదరకముందే డాబా మీద రెండో ట్యాంకు పెట్టించుకునేవాళ్లు చాలామంది. నిపుల్ (ట్యాంకుకు పైపు కలిపే త్రెడ్ల ముక్క) బిగించడానికి కన్నం తామే పెట్టుకుందామనుకునేవాళ్లు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. హోల్ సా అంటే డ్రిల్‌కు తగిలించి గుండ్రటి కన్నం కోసే, అంచున పళ్లున్న గిన్నెలాంటి కట్టర్. దాని పళ్లు ఇరుక్కున్నాయంటే కట్టర్ ఆగిపోయి, చేతిలోని డ్రిల్ మెషీన్ తిరుగుతుంది. మణికట్టు మెలిపడేది అప్పుడే. కన్నం ఎంత పెద్దదైతే ఆ విసురు అంత ఎక్కువ. అందుకే మెషీన్‌కు పక్క హ్యాండిల్ బిగించకుండా మొదలుపెట్టొద్దు. ట్రిగ్గర్ నొక్కి ఉంచే లాక్ బటన్ జోలికి అసలు పోవద్దు. ఇరుక్కున్న క్షణంలో వేలు తీస్తే మెషీన్ ఆగాలి.

సైజు దగ్గర చాలామంది పొరబడతారు. అంగుళం నిపుల్‌కు అంగుళం కన్నం చాలదు. బయట త్రెడ్ల మీద కొలిస్తే 33 మి.మీ. దాటుతుంది. ముప్పావు అంగుళానిది 26 పైన, అరంగుళానిది దాదాపు 21. మీరు తెచ్చిన నిపుల్‌నే కొలిచి, ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువున్న కట్టర్ కొనండి. అంతకన్నా వదులైతే వాషర్ సరిగా కూర్చోదు, నీళ్లు కారుతూనే ఉంటాయి.

ప్లాస్టిక్ ట్యాంకుకు, చెక్కకు, ఇనుప రేకుకు బై-మెటల్ (రెండు లోహాలు అతికిన) కట్టర్ సరిపోతుంది. స్టీలు సింకుకైతే కార్బైడ్ (చాలా గట్టి మిశ్రమం) పళ్లది మేలు. టైల్, గ్రానైట్‌కు డైమండ్ కోర్ బిట్ (పళ్లకు బదులు అంచున వజ్రపు రేణువులున్న కట్టర్) తప్ప మరోటి వద్దు. హ్యామర్ మోడ్ (డ్రిల్ కొడుతూ తిరిగే పద్ధతి) ఆపేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కోయాలి. ఆ నీళ్లు మెషీన్‌లోకి పోకూడదు, ప్లగ్ పెట్టే లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి.

కన్నం పెద్దదయ్యేకొద్దీ వేగం తగ్గించాలి. ఇనుములో 19 మి.మీ. కట్టర్‌కు నిమిషానికి 460 చుట్లు సరిపోతే, 76 మి.మీ. దానికి 115 చాలు. పళ్లున్న హోల్ సాను యాంగిల్ గ్రైండర్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ తగిలించొద్దు. నాలుగంగుళాల గ్రైండర్ దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది, ఆ వేగానికి పళ్లు ఊడి ముఖం మీదికి ఎగరొచ్చు.

కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. చేతికి గుడ్డ గ్లవ్స్ మాత్రం వద్దు, తిరిగే కట్టర్‌కు చుట్టుకుంటే వేళ్లను లాగేస్తుంది. చున్నీ, లుంగీ అంచు, వదులు చేతుల చొక్కా కూడా అంతే.

ట్యాంకు ఖాళీ చేసి, కదలకుండా ఆనించి, దాని గోడ చదునుగా ఉన్నచోట గుర్తు పెట్టండి. నిచ్చెన మీద నిలబడి ఈ పని చేయొద్దు. మధ్యలోని పైలట్ బిట్ దిగాక కట్టర్ అంచంతా ఒకేసారి ఆనేలా మెషీన్‌ను ట్యాంకు గోడకు లంబంగా పట్టుకోండి. గట్టిగా తొయ్యకండి, తెగే ముందు ఒత్తిడి ఇంకా తగ్గించండి. కట్టర్‌లో ఇరుక్కున్న బిళ్లను ప్లగ్ తీశాకే పక్క సందులోంచి స్క్రూడ్రైవర్‌తో తోయాలి. ఇనుము కోసినప్పుడైతే అది చర్మం కాలేంత వేడిగా ఉంటుంది.

నిపుల్ బిగించేముందు కన్నం అంచు చాకుతో గీకి నున్నగా చేయండి. ట్యాంకు అడుగున పడిన ప్లాస్టిక్ పొట్టు మొత్తం తుడిచి తీయండి, లేకపోతే కిందకి దిగి కుళాయిల్లో అడ్డుపడుతుంది.