వేరే పని మానేసి లారీ డ్రైవర్ అవ్వాలంటే ఎలా మొదలుపెట్టాలి?

లారీ లైన్‌లోకి రావాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది లైసెన్స్ గురించే. లైసెన్స్ లేకుండా కుదరదు, నిజమే. కానీ అంతకంటే ముందు ఆ బతుకు మీకు పడుతుందో లేదో తేల్చుకోవాలి. లోడ్ కోసం గంటల తరబడి కాచుకోవడం, క్యాబిన్‌లోనే నిద్ర, ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఫోన్‌లో మాత్రమే పలకరించగలగడం, ఇవన్నీ ఈ పనిలో ఉంటాయి.

1. ముందు పక్క సీట్లో కూర్చోండి

చేస్తున్న ఉద్యోగానికి సెలవు పెట్టి, యజమాని ఒప్పుకుంటే తెలిసిన డ్రైవర్‌తో రెండు మూడు రోజుల ట్రిప్పు వెళ్లి రండి. అతను ఎక్కడ పడుకుంటున్నాడు, రోజుకు ఎన్ని గంటలు బండి కదలకుండా నిలబడుతోంది, ఎన్నిసార్లు కిందికి దిగి చూసుకుంటున్నాడు అన్నది గమనించండి. తిరిగొచ్చాక ఇంట్లోవాళ్లతో తీరిగ్గా మాట్లాడండి. రాత్రికి ఇల్లు చేరాల్సిందే అనుకుంటే దూరపు ట్రిప్పులు వద్దు, ఊళ్లో డెలివరీ బండ్లు చూసుకోండి. అయితే వాటిలో ఇరుకు సందులు, రివర్స్‌లు, సరుకు దించే పని ఎక్కువ.

2. ఫీజు కట్టకముందే వైద్య పరీక్ష

చూపు, వినికిడి, బీపీ, షుగర్ చూపించుకోండి. గట్టిగా గురక పెడుతూ, పగలు కూర్చున్నచోటే కునుకు పడుతుంటే ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పండి. నిద్రలో శ్వాస ఆగి ఆగి వచ్చే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, కావచ్చు. దానికి చికిత్స ఉంది. ఉద్యోగం రాదేమోనని దాచిపెట్టకండి.

3. ఏ లైసెన్స్?

మీరు నడపబోయే బండి బరువు, దానికి ట్రైలర్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. యూరప్‌లో 3,500 కిలోలు దాటిన లారీకి ‘సి’, పెద్ద ట్రైలర్ తగిలిస్తే ‘సీఈ’. అమెరికాలో పెద్ద లారీలకు సీడీఎల్, అంటే కమర్షియల్ డ్రైవర్ లైసెన్స్, ఉండాలి. అక్కడ 18 ఏళ్లకు సొంత రాష్ట్రంలో నడపొచ్చు కానీ, సరుకుతో రాష్ట్రాలు దాటాలంటే సాధారణంగా 21 నిండాలి. పెట్రోలు, గ్యాస్ లాంటి ప్రమాదకరమైన సరుకుకు చాలాచోట్ల వేరే శిక్షణ, వేరే అనుమతి కావాలి. ఇంకో మాట: కొన్ని దేశాల్లో ఆటోమేటిక్ బండి మీద టెస్ట్ ఇస్తే గేర్ల బండి నడపనివ్వరు.

4. స్కూల్‌ను మైదానంలో చూసి ఎంచుకోండి

ఆఫీసులో చెప్పే మాటలు కాదు, ప్రాక్టీస్ జరిగేచోట ఓ పూట నిలబడి చూడండి. ఒక్కో బండికి ఎంతమంది? మీ చేతికి స్టీరింగ్ ఎన్ని గంటలు వస్తుంది? లోడ్ వేసిన బండి ఇస్తారా? ఖాళీ బండి మీద నేర్చుకున్నవాళ్లకు లోడ్ బండి వేరే జంతువులా అనిపిస్తుంది.

5. నడపడం కంటే ఆపడం, వెనక్కి పెట్టడం

నా దృష్టిలో అసలు విద్య ఇదే. వేగం రెట్టింపైతే ఆపడానికి కావాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. పైగా ఎయిర్ బ్రేకులున్న బండిలో పెడల్ తొక్కాక గాలి చక్రాల దాకా చేరి బ్రేకు పట్టడానికి అర సెకను దాకా పడుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఆ అర సెకనుకే బండి 12 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. అందుకే ముందు బండికి మీరు ఇచ్చే దూరం కారు డ్రైవర్‌కు దండగలా కనిపించినా, మీరు ఇవ్వాల్సిందే. ఎవరైనా మధ్యలో దూరితే మళ్లీ వెనక్కి తగ్గండి.

ఘాట్ దిగడం మొదలుపెట్టకముందే తక్కువ గేరు వేసుకోవాలి. అదేపనిగా బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. న్యూట్రల్‌లో దింపడం మాత్రం ఎన్నడూ చేయకండి. సగం నిండిన ట్యాంకర్ అయితే, బ్రేకు వేశాక కూడా లోపలి ద్రవం ముందుకు ఊగి బండిని నెడుతుంది.

మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ పక్కన బైకు ఉంటే మీకు కనిపించకపోవచ్చు. ట్రైలర్‌ను వెనక్కి పెట్టేటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రైలర్ వెనక భాగం దానికి ఎదురు దిక్కుకు పోతుంది. కొంచెం కొంచెంగా తిప్పండి, వంకర పోతే ముందుకు తీసి మళ్లీ పెట్టండి. అనుమానం వస్తే బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, దిగి చూడండి. వెనకాల హారన్ కొడుతున్నారని సిగ్గుపడి దిగనివాళ్లే గోడలు గుద్దుతారు.

6. బయలుదేరే ముందు బండి చుట్టూ

టైర్లలో గాలి, చక్రాల నట్లు, లైట్లు, అద్దాలు, ఆయిల్, నీళ్లు, గాలి పైపుల లీకులు, ట్రైలర్ లంకె. రోజూ ఒకే వరుసలో చూస్తే ఏదీ మర్చిపోరు. సరుకు కట్టింది వేరేవాళ్లైనా తాళ్లు, బెల్టులు మీరే లాగి చూసుకోండి. కుదుపులకు సరుకు సర్దుకుంటుంది కాబట్టి కొంత దూరం వెళ్లాక ఆగి మళ్లీ బిగించండి. అమెరికా నిబంధనల ప్రకారం ఈ తనిఖీ మొదటి 80 కిలోమీటర్లలోపే చేయాలి.

7. మొదటి యజమాని

జీతం నాలుగు రూకలు తక్కువైనా, మొదటి కొన్ని వారాలు అనుభవమున్న డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టే చోటే చేరండి. చేరేముందే అడగాల్సినవి: జీతం నెలకా, ట్రిప్పుకా, కిలోమీటరుకా? లోడింగ్ దగ్గర ఆగిన గంటలకు డబ్బిస్తారా? జరిమానా పడితే, బండికి గీత పడితే ఆ డబ్బు ఎవరు కట్టాలి? శిక్షణ ఖర్చు వాళ్లు పెడితే ఎన్నాళ్లు పనిచేయాలి? జవాబులు కాగితం మీద తీసుకోండి.

నిద్ర గురించి కూడా అప్పుడే అడగండి. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి. అమెరికాలో సరుకు లారీ డ్రైవర్ వరుసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్నాకే మళ్లీ 11 గంటల దాకా నడపొచ్చు. మీరుండే చోట నిబంధన ఏదైనా, కళ్లు మూసుకుపోతుంటే బండి ఆపాల్సిందే. కిటికీ తీయడం, పాటలు పెట్టడం నిద్రను ఆపవు. భద్రమైన చోట ఆపి 20 నిమిషాలు కునుకు తీయండి, ఆలస్యమవుతుందని ఫోన్ చేసి చెప్పండి. ‘నిద్ర వస్తోంది’ అన్నందుకు తిట్టే యజమాని దగ్గర రెండో ట్రిప్పు ఎక్కకండి.